పునరుక్తి దోషమేనా? - పంతొమ్మిది తంత్రీవాద్యాల సింఫనీ

మన సాహిత్య విమర్శలో సింఫనీ అన్న మాట చాలాకాలంగా ఉపమానంగా చెలామణి అవుతోంది. నవలలో పాత్రలు ఎక్కువైతే సింఫనీ అంటాం. దీర్ఘకవిత నాలుగు ఖండికలుగా సాగితే సింఫనీ అంటాం. పీఠికలు రాసేవాళ్ళకు ఇది చేతికందే పొగడ్త. అసలు ఆ రూపం ఎలా ఉంటుందో, దాని భాగాలు ఒకదానితో ఒకటి ఏ సంబంధంతో నిలుస్తాయో విని, ఆలోచించి ఆ మాట వాడేవాళ్ళం మాత్రం తక్కువ. 2025 మార్చి 8న లండన్‌లో ఇళయరాజా సింఫనీ 'వేలియంట్'ను రాయల్ ఫిల్హార్మానిక్ వాద్యబృందం వినిపించిన తరువాత, సభల్లో కలిసిన మిత్రులు ఇద్దరు ముగ్గురు నన్ను ఒకే ప్రశ్న అడిగారు. మాటలు లేని సంగీతంలో వస్తువు ఎక్కడుంటుంది? దాన్ని మనం ఏ కొలతతో కొలవాలి?

నేను పాశ్చాత్య సంగీతంలో శిక్షణ పొందినవాణ్ణి కాను. తెలుగు ఎం.ఎ. చదివి, హైటెక్ సిటీకి కూతవేటు దూరంలోని బడిలో పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కానీ ఛందస్సు చదివినవాడికి కాలాన్ని లెక్కపెట్టడం కొంత అలవాటవుతుంది. ఆ అలవాటునే పెట్టుబడిగా పెట్టి ఒక సింఫనీని పలుమార్లు విన్నాను. అది అమెరికన్ స్వరకర్త ఫిలిప్ గ్లాస్ 1995లో కేవలం తంత్రీవాద్యాల కోసం రాసిన మూడవ సింఫనీ. (ఆయన ఇంటిపేరు గ్లాస్ కావడం యాదృచ్ఛికం. సైబరాబాద్‌లో ఉంటూ ఆ పేరు తలచుకుంటే మాత్రం నవ్వొస్తుంది. ఎటు చూసినా అద్దమే కదా!) దీన్నే ఎందుకు ఎన్నుకున్నానంటే, మన అభ్యుదయ కవిత్వాన్ని చాలాకాలంగా వేధిస్తున్న ఒక సమస్య ఇందులో ముఖాముఖి ఎదురవుతుంది. అదే పునరుక్తి సమస్య.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. సింఫనీ అంటే వాద్యబృందం కోసం రాసిన పెద్ద రచన. అది సాధారణంగా కొన్ని భాగాలుగా ఉంటుంది. ఆ భాగాల్నే మూవ్‌మెంట్లు అంటారు. నాలుగు మూవ్‌మెంట్లు అనగానే మా మిత్రుడొకాయన నాలుగు ఉద్యమాలనుకున్నాడు. ఆయన తప్పు లేదు, మన పత్రికల్లో ఆ మాటకు ఉన్న అర్థం అదే. సంగీతంలో అది నడకకు సంబంధించిన మాట. ఒక్కో భాగానికి ఒక్కో నడక, ఒక్కో వేగం. హైడ్న్, మొజార్ట్‌ల కాలంలో స్థిరపడిన పద్ధతి ప్రకారం వేగమైన మొదటి భాగం, నెమ్మదైన రెండవది, నృత్యపు నడకతో మూడవది, జోరుగా ముగించే నాలుగవది. తరువాతివాళ్ళు ఈ చట్రాన్ని వంచారు, విరిచారు; అయినా భాగానికీ భాగానికీ మధ్య ఏదో వాదం నడుస్తుందన్న ఆశ శ్రోతలో మిగిలే ఉంది. ప్రబంధంలో ఆశ్వాసాలకు కథ దారం. ఇక్కడ కథ ఉండదు. మొదటి భాగం మనలో మిగిల్చిన జ్ఞాపకమే రెండో భాగానికి పునాది.

మామూలు సింఫనీలో తంత్రీవాద్యాలతో పాటు ఊదే వాద్యాలు, ఇత్తడి వాద్యాలు, డోళ్ళు ఉంటాయి. వాటన్నిటినీ పక్కన పెట్టి వయొలిన్, వయోలా, చెల్లో, డబుల్ బాస్ ఈ నాలుగు రకాలతోనే సింఫనీ రాయడం రంగుల పెట్టె మూసేసి బొగ్గుతో బొమ్మ గీయడం లాంటిది. మెండెల్సన్ పన్నెండు పద్నాలుగేళ్ళ కుర్రవాడిగా 1821-23 మధ్య ఇలాంటివి 12 రాశాడు. ఇరవయ్యో శతాబ్దంలో ఈ రూపానికి మరో బరువు వచ్చింది. జర్మన్ సైన్యం పట్టులో ఉన్న పారిస్‌లో హొనెగర్ 1941లో తన రెండవ సింఫనీని తంత్రులకే రాసి, చిట్టచివర ఒకే ఒక్క ట్రంపెట్‌ను ప్రవేశపెట్టాడు. చీకటి గదిలో కిటికీ తెరిచినట్టుంటుంది అది.

మన సంప్రదాయంలో వయొలిన్ కథ వేరు. అది మనకు పరాయి వాద్యమే అయినా ఎంతగా కలిసిపోయిందంటే, ఈనాడు అది లేని కర్ణాటక గాత్ర కచేరీని ఊహించలేం. కాని దాని స్థానం పక్కవాద్యం. గాయకుడు అన్నదాన్ని వెంటాడి అనాలి. విజయనగరం సంగీత కళాశాలలో పనిచేసిన ద్వారం వేంకటస్వామినాయుడు (1893-1964) సోలో కచేరీలు చేసి ఆ వాద్యం తనంతట తానే మాట్లాడగలదని నిరూపించారు. ఆ తరువాత ఈమని శంకరశాస్త్రి ఢిల్లీ ఆకాశవాణి వాద్యబృందాన్ని నడిపి, పదిమంది వాద్యకారులు కలిసి చెప్పగలిగింది ఏమిటో వెతికారు. సినిమా సంగీతంలో గుంపు వయొలిన్ల ధ్వని మనకు చిన్నప్పటి నుంచీ చెవినపడిందే. అయితే అక్కడ కూడా అవి ఎక్కువగా పాట వెనకాల తెర. తెరే ముందుకొచ్చి నాటకం ఆడితే ఎలా ఉంటుంది? గ్లాస్ సింఫనీని మన చెవి అందుకోవలసిన చోటు ఇది.

గ్లాస్ 1937లో బాల్టిమోర్‌లో పుట్టాడు. తండ్రిది రికార్డులమ్మే దుకాణం. న్యూయార్క్‌లో జూలియర్డ్‌లోనూ, పారిస్‌లో నాడియా బూలాంజే దగ్గరా చదివాడు. పెద్ద చదువే, కాని దానితో పొట్ట గడవలేదు. సామాన్లు మోశాడు, ఇళ్ళలో నీటి గొట్టాలు బిగించాడు, టాక్సీ నడిపాడు. 1976లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ ఒపేరా వేదికపై ఆయన రచన ప్రదర్శితమైన తరువాత కూడా కొంతకాలం టాక్సీ నడిపే బతికాడు. ఈ సంగతి ఆయన మీద జాలి కలిగించడానికి చెప్పడం లేదు. ఒకే పని రోజుకు వందసార్లు చేయడమంటే ఏమిటో శరీరంతో తెలిసిన మనిషి ఈ సంగీతం రాశాడని గుర్తుపెట్టుకోవడానికి చెబుతున్నాను.

ఆయన దారి మార్చినవాళ్ళు మనవాళ్ళే. 1960ల మధ్యలో పారిస్‌లో 'చపాక్వా' అనే సినిమాకు రవిశంకర్ సంగీతం కూరుస్తున్నప్పుడు, దాన్ని ఫ్రెంచి వాద్యకారుల కోసం స్వరలిపిలో రాసిపెట్టే పని గ్లాస్‌కు దొరికింది. ఆయన రాసింది వాద్యకారులు వాయిస్తుంటే తబలా విద్వాంసుడు అల్లారఖా ఒప్పుకోడు: ఊనికలు తప్పుచోట పడుతున్నాయి, అన్ని స్వరాలూ సమానం అంటాడు. విసిగిపోయిన గ్లాస్ పాశ్చాత్య స్వరలిపిలో గణవిభజన చేసే నిలువు గీతల్ని చెరిపేశాడు. చెరిపేసరికి రెండేసి, మూడేసి స్వరాల గుంపులు ఒకదానికొకటి తగులుకుని పోతూ ఉండటం కనిపించింది. పాశ్చాత్య సంగీతం కాలాన్ని ముక్కలుగా కోస్తుంది, భారతీయ లయ చిన్న చిన్న ముక్కల్ని పేర్చి కాలాన్ని కడుతుంది అన్న ఎరుక ఆయనకు అక్కడ కలిగింది. 1968లో రాసిన 'టూ పేజెస్'లో అయిదు స్వరాల ముక్కకు ఒక స్వరం కలపడం, ఒకటి తీయడం, ఇదే మొత్తం రచన. విన్నవాళ్ళలో కొందరు ఇది సంగీతమా అని కోప్పడ్డారు. దీనికి మినిమలిజం అని పేరు పెట్టారు. ఆయనకు ఆ పేరు నచ్చదు. పునరావృత నిర్మాణాలున్న సంగీతం అంటాడు. ఆ మాట దగ్గర మనం ఆగాలి.

పునరుక్తి మన అలంకారశాస్త్రంలో దోషం. అన్నదే అంటే కవికి సరుకు అయిపోయిందని అర్థం. అయితే మన జానపదుడు ఈ శాస్త్రం వినలేదు. బతుకమ్మ ఆడే స్త్రీలు పాదం పాదానికీ ఉయ్యాలో అంటూనే గంటసేపు కథ నడుపుతారు. ఆ ఒక్క మాటను తీసేయండి, కథ కుప్పకూలుతుంది. నాట్లేసే ఆడవాళ్ళు ఒకరు అన్నది పదిమందీ అంటూ వెనక్కి వెనక్కి అడుగేస్తారు. పాట అక్కడే తిరుగుతూ ఉంటుంది. పొలం మాత్రం నిండుతూ ఉంటుంది. మన వ్యాకరణమూ ఈ విషయంలో అలంకారశాస్త్రం కన్నా సూక్ష్మమైనదే. ఒక మాటను రెండుసార్లు పలికితే రెండవదానికి ఆమ్రేడితమని వేరే పేరు పెట్టింది. అంటే రెండోసారి వచ్చింది మొదటిది కాదని ఒప్పుకుంది. అంతటితో ఆగిందా? చివర చివర కలిస్తే చిట్టచివర అవుతుంది, పగలు పగలు కలిస్తే పట్టపగలు అవుతుంది. రెండో మాట వచ్చి మొదటి మాట రూపాన్నే మార్చేస్తోంది! తొమ్మిది పది తరగతుల పిల్లలకు సంధి సూత్రంగా బట్టీ పట్టించే ఈ సంగతిలో ఒక సౌందర్యసిద్ధాంతం దాగి ఉందని నాకు ఈ సింఫనీ విన్న తరువాతే తట్టింది.

ఇక రచనలోకి వెళదాం. గ్లాస్ సింఫనీల జోలికి వచ్చింది యాభై దాటాక. ఒపేరాలు రాసేవాడు సింఫనీ ఎందుకు రాయకూడదని పురికొల్పినవాడు సంగీత నిర్దేశకుడు డెన్నిస్ రసెల్ డేవీస్. 1992లో మొదటిది, 1994లో రెండవది. మూడవదాన్ని స్టుట్‌గార్ట్ చాంబర్ ఆర్కెస్ట్రా కోసం వ్యుర్త్ ఫౌండేషన్ రాయించింది. 1995 ఫిబ్రవరి 5న దక్షిణ జర్మనీలోని క్యున్‌జెల్సావ్ అనే చిన్న పట్టణంలో డేవీస్ నిర్వహణలో తొలిసారి వినిపించారు. వాయించేవాళ్ళు 19 మంది. మామూలు వాద్యబృందంలో వయొలిన్లు పదీ పదిహేను ఒకే స్వరాన్ని వాయిస్తాయి. గుంపులో ఒకడు విల్లు ఆపినా ఎవరికీ తెలియదు. ఇక్కడ అలా కాదు. పంతొమ్మిదిమందినీ ఎవరికి వారు సోలో వాద్యకారులుగా లెక్కించి రాశాడు. మొత్తం రచన సుమారు 25 నిమిషాలు. భాగాలు నాలుగు.

మొదటి భాగం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. మధ్యమ వేగంతో, పెద్దగా గొంతెత్తకుండా నడుస్తుంది. గ్లాసే దీన్ని తరువాతి రెండు భాగాలకు ప్రస్తావన అన్నాడు. బుర్రకథకుడు కథ ఎత్తుకునే ముందు తంబురా సరిచూసుకున్నట్టు ఉంటుంది. అయితే ఒక పని చేస్తుంది. ఇక్కడ రాగం కోసం కాచుకుని కూర్చోవద్దు, కదలికను వినండి అని మన చెవికి చెబుతుంది.

రెండవ భాగం వేగం. ఇక్కడ రెండు మూడు లెక్కల గుంపులు రకరకాలుగా తగులుకుంటాయి. ఒకచోట అందరూ కలిసి ఒకే స్వరపంక్తిని వాయిస్తారు; మరోచోట అదే నడక అనేక స్వరాలుగా చీలి దట్టమవుతుంది. సాహిత్య విద్యార్థులకు ఇది పట్టుకోవడానికి సంగీతం కన్నా ఛందస్సు దగ్గరిదారి. 1910లో గురజాడ తెచ్చిన ముత్యాలసరాన్ని గుర్తుతెచ్చుకోండి. మూడు, నాలుగు మాత్రల గణాలు జంటగా, మిశ్రగతిలో నడుస్తాయి. అదే లయ వృషభగతి రగడలో ఎప్పటినుంచో ఉంది. కాని గురజాడ నాలుగో పాదాన్ని కుదించే వీలు పెట్టుకోవడంతో నడక ఒక్కసారి తూగి నిలబడుతుంది. ఆ తూగులోనే మాట్లాడే గొంతు వినిపిస్తుంది. అంటే మాత్రల సంఖ్యలో చిన్న మార్పు పద్యం స్వభావాన్నే మార్చింది. గ్లాస్ రెండవ భాగంలో చేసిన పనికి ఇది చుట్టమే. గుంపులో ఒక లెక్క పెరుగుతుంది, ఒకటి తరుగుతుంది. శరీరం అలవాటుపడిన ఊపు ఒక క్షణం కాలు జారి మళ్ళీ నిలదొక్కుకుంటుంది.

ముత్యాలసరం పాఠం చెప్పిన రోజున పదో తరగతి పిల్లలకు ఈ భాగాన్ని చిన్న స్పీకరులో వినిపించాను. మా పిల్లల తల్లిదండ్రులు పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు. తాపీపని, సెక్యూరిటీ కాపలా, ఆఫీసుల్లో గచ్చు తుడిచే పని చేసేవాళ్ళు. రెండు నిమిషాలయ్యాక ఒక కుర్రవాడు లేచి, "సార్, పాట ఎప్పుడు మొదలవుతుంది?" అన్నాడు. చదువుకున్న మిత్రులు అడిగినదీ ఇదే, కాకపోతే వాళ్ళు వస్తువు ఎక్కడ అన్నారు. వెనక బెంచీలో ఒక అమ్మాయి మాత్రం వేళ్ళతో బల్ల మీద కొడుతూ కూర్చుంది. "లెక్క తప్పుతోంది సార్... మళ్ళీ కలుస్తోంది" అంది. ఆ పిల్ల చెప్పినదాని కన్నా మంచి వ్యాఖ్య ఈ భాగం మీద నేను రాయలేను.

ఈ భాగం చివర ఒక విచిత్రం ఉంది. వేగం అలా పోతూ పోతూ ఉండగానే, వంతెన ఏమీ కట్టకుండా, అకస్మాత్తుగా ఒక కొత్త పాట వస్తుంది. కొందరు కమానుతో రాగం లాగుతుంటే మరికొందరు తీగల్ని వేళ్ళతో మీటుతారు. వచ్చి, ఎందుకు వచ్చిందో చెప్పకుండానే భాగం ముగిసిపోతుంది. దీన్ని జ్ఞాపకం పెట్టుకోవాలి.

మూడవ భాగం ఈ రచనకు గుండెకాయ. అన్నిటికన్నా పొడుగైనది. దీని నిర్మాణాన్ని షకాన్ అంటారు. మన సంగీతంలో శ్రుతి మీద ఒకే రాగరేఖ నడుస్తుంది. వాళ్ళ సంగీతంలో ఒకేసారి మూడు నాలుగు స్వరాలు కలిసి మోగే గుచ్ఛాలు వరసగా వస్తాయి. ఆ గుచ్ఛాల వరస ఒకటి తీసుకుని, మన తాళావర్తనం తిరిగినట్టు మళ్ళీ మళ్ళీ తిప్పుతూ, దాని మీద కొత్త కొత్త అల్లికలు వేయడమే షకాన్. బాఖ్ 1720 నాటికి ఒంటరి వయొలిన్ కోసం రాసినది దీనికి శిఖరం. త్యాగరాజ కీర్తనలో సంగతులు మనకు తెలుసు. పల్లవి పాదం ప్రతిసారీ ఒక మెట్టు పైకెక్కుతుంది. కాని సంగతుల్లో పెరిగేది ఒకే గాయకుడి భావన. గ్లాస్ షకాన్‌లో పెరిగేది మనుషుల సంఖ్య.

మూడు చెల్లోలు, నాలుగు వయోలాలు మొదలుపెడతాయి. ఏడుగురు. మంద్రంలో, తొందర లేకుండా. వరస ఒకసారి పూర్తయి తిరిగి మొదలవుతుంది. కొత్త గొంతు చేరుతుంది. మళ్ళీ తిరుగుతుంది; మరొకటి. వయొలిన్ ఒకటి పైకి లేచి దీర్ఘమైన రాగరేఖను పరుస్తుంది. అడుగున ఆ ఏడుగురూ తమ పని మానలేదు. మొదటిసారి వాళ్ళు వాయించిన వరసే ఇది. అయినా ఇప్పుడు దాని అర్థం వేరు, ఎందుకంటే దాని మీద ఒకరు నిలబడి ఉన్నారు. చివరి ఆవర్తనానికి వచ్చేసరికి పంతొమ్మిదిమందీ ఆ నేతలో ఉంటారు. ఎవరి దారం వారిదే. ఏ దారాన్ని లాగినా బట్ట కదులుతుంది. పట్టపగలులోని మొదటి పగలులా, ఆరంభంలో నిరాడంబరంగా విన్న ఆ వరస రూపమే మన జ్ఞాపకంలో మారిపోతుంది. మొదట విన్నప్పుడు అది దుఃఖమనిపించింది నాకు. ఆఖర్లో అది ఓర్పు అనిపించింది. స్వరాలు అవే.

ఇక్కడ మన విమర్శకుడికి ఒక ప్రలోభం కలుగుతుంది. పరిమాణాత్మక మార్పు గుణాత్మక మార్పుగా పరిణమించింది అని గతితర్క సూత్రాన్ని చటుక్కున అతికించేసి చేతులు దులుపుకోవచ్చు. సూత్రం అబద్ధం కాదు. కాని అంత సుఖంగా అతికేదాన్ని నేను కొంచెం అనుమానిస్తాను. అదే సూత్రాన్ని సైన్యపు కవాతుకూ అతికించవచ్చు కదా? కవాతులో మనిషి చేరిన కొద్దీ చప్పుడు పెరుగుతుంది, నడక మాత్రం ఒక్కటే. షకాన్‌లో చేరే ప్రతి గొంతూ తనకంటూ చెప్పవలసింది తెచ్చుకుంటుంది. ముందే ఉన్నవాళ్ళను నోరు మూయమనదు. సమష్టి అన్న మాటను మనం సభల్లో ఎంతో వాడాం. ఏకస్వరమూ సమష్టి స్వరమూ వేరువేరని చెవికి నిరూపించే పది నిమిషాలు ఇవి. వస్తువు ఎక్కడుంది అన్న మిత్రులకు నా జవాబు ఇదే. ఒకరికీ పంతొమ్మిదిమందికీ ఉన్న సంబంధమే దీని వస్తువు. అది శిల్పంలో దాగిలేదు, శిల్పమే అది.

దీనికి అభ్యంతరం ఉంది. సంగీతం చరిత్రతో నేరుగా మాట్లాడాలి కదా అంటారు. షొస్తకోవిచ్‌ను ఉదాహరణ చూపిస్తారు. ఆయన 1960 జూలైలో డ్రెస్డెన్ దగ్గర మూడు రోజుల్లో రాసిన ఎనిమిదవ చతుష్టయాన్ని బర్షాయ్ తంత్రీవాద్యబృందానికి మలిచాడు. చాంబర్ సింఫనీగా ప్రసిద్ధి. అయిదు భాగాలు, మధ్యలో ఊపిరి తీసుకునే విరామం లేదు. ఫాసిజం, యుద్ధాల మృతులకు అంకితమని మొదటి పుటలోనే రాసి ఉంది. గొప్ప రచన, వింటే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఆ నెలలోనే మిత్రుడికి రాసిన ఉత్తరంలో, నేను చనిపోతే నా జ్ఞాపకార్థం ఎవరూ ఇలాంటిది రాయరు గనుక నేనే రాసుకున్నాను అన్న ధోరణిలో రాసుకున్నాడాయన. మరి వస్తువు ఏది? అంకితపు పుటా, ఉత్తరమా? రెండూ నిజమే కావచ్చు. అట్ట మీద రాసింది చదివి లోపలి సరుకును తేల్చే విమర్శకు ఈ రచన ఒప్పుకోదని మాత్రం తేలుతుంది. గ్లాస్ ఏ పుటలోనూ ఏమీ రాయలేదు. మన పని మరింత కష్టమైంది, అంతే.

ఇంకో అభ్యంతరం సూటిగా ఉంటుంది. దీన్ని రాయించిన వ్యుర్త్ సంస్థ స్క్రూలు, బోల్టుల వ్యాపారంలో కోట్లు గడించింది. పెట్టుబడి పోషించిన కళ ఎవరి కళ? ఇది దాటవేయదగిన ప్రశ్న కాదు. కాని ద్వారంవారు పనిచేసిన కళాశాలను 1919లో స్థాపించింది కూడా విజయనగరం సంస్థానమే. పోషకుణ్ణి బట్టి కళను కొట్టేస్తే మన చేతిలో వీధిపాట తప్ప మిగలదు. వీధిపాటకూ ఒక్కోసారి పోషకుడుంటాడు. నేను అడిగే ప్రశ్న వేరు. ఈ సంగీతం ఎవరి చెవిన పడుతోంది? 1998లో సైబర్ టవర్స్ తెరిచింది మొదలు మాదాపూర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా రాళ్ళగుట్టల మీద లేచిన నగరంలో డబ్బుకు లోటు లేదు. మా పదో తరగతి పిల్లలు పంతొమ్మిదిమంది వాద్యకారుల ఎదుట కూర్చుని, కమాను తీగను తాకే క్షణాన్ని చూసే అవకాశం మాత్రం వాళ్ళ దారిలో లేదు. చిన్న స్పీకరులో డబుల్ బాస్ వినిపించదు. అడుగున నిలబడి మోస్తున్నవాణ్ణి వినడమే ఈ రచన వినడం. ఆ గొంతే వాళ్ళ దాకా రాలేదు.

నాలుగవ భాగం పొట్టిది. రెండవ భాగం చివర చెప్పకుండా వచ్చిపోయిన ఆ మీటుడు పాటతో మొదలవుతుంది. అప్పుడు అది అతిథి, ఇప్పుడు ఇంటిమనిషి. మధ్యలో షకాన్ జరిగింది గనుక దాన్ని మనం అదే పాటగా వినలేం. వెంటనే రెండవ భాగపు వేగమైన రెండు మూడు లెక్కలు వచ్చి కలుస్తాయి. ఆఖర్న మరో కొత్త ముగింపు పాట ప్రవేశించి రచనను ముగిస్తుంది. నాకు ఇక్కడ పూర్తి తృప్తి లేదు. పది నిమిషాల ఓర్పుతో కట్టిన కట్టడం తరువాత ఈ ముగింపు కాస్త తొందరపడినట్టుంది. ఆ కొత్త పాటకు వేళ్ళూనుకునే వ్యవధి ఇవ్వలేదు. గ్లాస్ సంగీతాన్ని గోడకాగితంతో పోల్చే విమర్శకులున్నారు. మూడవ భాగం విన్న తరువాత ఆ మాట నిలవదు గాని, నాలుగవ భాగంలో వాళ్ళకు కొంత ఆధారం దొరుకుతుంది.

ఇదంతా రచయితలకు ఎందుకు? ఈ కారిడార్ మీద రాస్తున్న కవిత్వం నా చేతికి తరచూ వస్తుంది. ఎక్కువ కవితల్లో ఒకపక్క అద్దాల మేడ, మరోపక్క రేకుల గుడిసె. రెండు ఫోటోలు పక్కపక్కన అతికిస్తే విమర్శ అయిపోతుందన్న నమ్మకం. పల్లవిలాంటి ఒక పాదాన్ని ప్రతి ఖండిక చివరా మళ్ళీ వేస్తారు. అది అయిదోసారి వచ్చినప్పుడు మొదటిసారి కన్నా ఒక్క వీసమైనా బరువు పెరగదు. నినాదానికి అది చాలు. వీధిలో దాన్ని అందుకునే గొంతులు ఎలాగూ ఉంటాయి. కాగితం మీద ఆ గొంతులను కవే తేవాలి. బతుకమ్మ చుట్టూ తిరిగే ఉయ్యాలోకు మధ్యలో కథ నడుస్తోంది కనుకనే ప్రాణం.

మొన్న ఒక యువకవి తన దీర్ఘకవిత తెచ్చాడు. రాయదుర్గంలో రాత్రి షిఫ్టులో పనిచేస్తాడు. అందులో లాగిన్ అన్న మాట ఒంటిపాదంగా పన్నెండుసార్లు వస్తుంది. యాంత్రికతను చూపడానికి అన్నాడు. యాంత్రికతను చూపడానికి యంత్రంలా రాయక్కరలేదు కదా అన్నాను. మొదటి లాగిన్‌కూ పన్నెండో లాగిన్‌కూ మధ్య ఆ అంతస్తులోకి ఎవరెవరు వచ్చారో చెప్పమన్నాను. కాసేపు ఆలోచించి లెక్కపెట్టాడు. పక్క సీటులో కొత్తగా చేరిన విశాఖ అమ్మాయి. రెండు గంటలకు టీ యంత్రంలో పాలపొడి నింపే కుర్రవాడు. నాలుగింటికి గచ్చు తుడవడానికి వచ్చే పెద్దామె. కింద కారులో సీటు వాల్చి నిద్రపోతున్న డ్రైవరు. వీళ్ళెవ్వరూ కవితలో లేరు. వాళ్ళను ఒక్కొక్కరినే, ముందున్నవాళ్ళను పంపించేయకుండా తీసుకురమ్మన్నాను. కాగితాలు మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళాడు. మూడవ భాగం ఒకసారి వినమని చెప్పాను గాని, విన్నాడో లేదో తెలియదు. కవిత ఇంకా తిరిగి రాలేదు.